నడక చూసి అనుమానించండి, కీలు ముట్టుకుని తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు బాగా తెలిసిన ప్రశ్నే. ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నారు. అసెస్‌మెంట్ ఫారం పూర్తిగా నింపుతారు, ప్రతి కీలుకీ డిగ్రీలు, ప్రతి కండరానికీ బలం ఎంతో 0 నుంచి 5 దాకా గ్రేడు, రిఫ్లెక్సులు (సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగరడం), స్పర్శ, అన్నీ రాస్తారు. తీరా సీనియర్ వచ్చి "సరే, ఇంతకీ ఇతనికి ఏమైంది?" అంటే నోరు పెగలదు. నడక గడిలో "కుంటుతున్నాడు" అని తప్ప ఇంకేం రాయాలో తోచదు. ఏ వరసలో చూడాలి, దేన్ని దేనితో ముడిపెట్టాలి అని అడిగారు.

నేనూ మొదటి రెండేళ్లు అచ్చం ఇలాగే చేశాను. లోపం మీ శ్రద్ధలో లేదు, ఫారం వరసలో ఉంది. ముందు కీళ్లు, తర్వాత కండరాలు, ఆ తర్వాత నరాలు, చిట్టచివర చిన్న గడిలో నడక. అక్కడికి వచ్చేసరికి పేషెంటూ అలిసిపోతాడు, మనమూ అలిసిపోతాం. అది రాసుకోవడానికి పనికొచ్చే వరస, ఆలోచించడానికి కాదు. నేను దాన్ని తిరగేస్తాను. ముందు నడక చూస్తాను. అందులోంచి రెండు మూడు అనుమానాలు పుడతాయి. వాటిలో ఏది నిలుస్తుందో, ఏది ఎగిరిపోతుందో తేల్చడానికే కీళ్లనూ నరాలనూ పరీక్షిస్తాను. ఏ అనుమానమూ లేకుండా కొలిచిన డిగ్రీ ఎంత కచ్చితంగా ఉన్నా కాగితం మీద అంకెగానే మిగిలిపోతుంది.

నడక చూడటం పేషెంట్ తలుపు దాటినప్పుడే మొదలవ్వాలి. "ఓసారి నడిచి చూపించండి" అనగానే ఎవరైనా కాస్త సర్దుకుని, నిటారుగా నడుస్తారు. పిలిచినప్పుడు కుర్చీలోంచి ఎలా లేచాడు, చేతులు ఆనించాడా, లేచాక మొదటి రెండు అడుగులు ఎలా పడ్డాయి, చెప్పులు విడిచేటప్పుడు ఏ కాలి మీద నిలబడ్డాడు, ఇవన్నీ అసలు నడక. చెప్పుల అడుగు భాగం కూడా తిప్పి చూడండి. బొటనవేలి దగ్గర మాత్రమే అరిగిన చెప్పు మీకు చాలా చెబుతుంది.

ఆ తర్వాత ఏడెనిమిది మీటర్లు నడిపించి చూడండి. మోకాళ్లు కనబడాలి, కాబట్టి బట్టలు పైకి మడవమనాలి. మొత్తం మనిషిని ఒకేసారి చూద్దామనుకుంటే ఏమీ కనిపించదు, అందుకే మీకు "కుంటు" మాత్రమే కనిపిస్తోంది. ఒక విడతకు ఒక్కచోటే చూపు పెట్టండి. మొదటి విడత మొండెం, రెండో విడత కటి (నడుం కింద, రెండు తుంట్ల మధ్య ఉండే ఎముకల గూడు), మూడో విడత మోకాలు, నాలుగో విడత పాదం. మొండెం ఒరగడం, కటి జారడం ముందు నుంచో వెనక నుంచో కనిపిస్తాయి, మోకాలు మడవడం పక్క నుంచి కనిపిస్తుంది. పేషెంట్ ఒప్పుకుంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకోండి, సిగ్గేం లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా మామూలు వేగంలో కొన్ని విషయాలు పట్టుకోలేరు.

చెవులు కూడా వాడండి. ఇది పుస్తకాల్లో పెద్దగా రాయరు. తల తిప్పుకుని అడుగుల చప్పుడు వినండి. రెండు అడుగుల మధ్య వ్యవధి సమానంగా ఉందా? మడమ ఆనిన వెంటనే పాదం "టప్" మని నేలను కొడుతోందా? కాలి వేళ్లు నేలను గీస్తున్నాయా? టప్ మని కొడితే పాదాన్ని పైకి ఎత్తే కండరం బలహీనపడుతోంది, కానీ పూర్తిగా పోలేదు. పూర్తిగా పోయినవాడి మడమ ముందు ఆనదు, వేళ్లే ముందు ఆనుతాయి.

ఇప్పుడు అంకెలు. ఒక మడమ ఆనినప్పటి నుంచి అదే మడమ మళ్లీ ఆనేదాకా ఒక చక్రం. మామూలు వేగంలో అందులో దాదాపు 60 శాతం ఆ కాలు నేల మీద ఉంటుంది, 40 శాతం గాల్లో ఉంటుంది. రెండు కాళ్లూ కలిసి నేల మీద ఉండే సమయం సుమారు 20 శాతం. నడక నెమ్మదించేకొద్దీ ఈ 20 పెరుగుతుంది. ఇవి ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, నేను మొదట వెతికేది ఒకే ఒక్కటి: ఏ కాలి మీద తక్కువసేపు నిలబడుతున్నాడు? నొప్పి ఉన్న కాలి మీద ఎవరూ ఆగరు. ఆ కాలి మీంచి త్వరగా దిగిపోవాలని రెండో కాలిని హడావుడిగా ముందుకు వేస్తారు. అందువల్ల బాగున్న పాదమే దబ్బున పడుతుంది, బాగున్న అడుగే పొట్టిగా ఉంటుంది. కొత్తవాళ్లు ఆ దబ్బు విని తప్పు కాలిని అనుమానిస్తారు. నేను కూడా ఒకసారి ఎడమ అని రాసి, పేషెంట్ నవ్వుతూ "కుడి కాలండీ" అంటే కొట్టేసుకున్నాను.

నిలబడే సమయం రెండు కాళ్లకూ సరిగానే ఉండి, నడక ఆకారం మాత్రం మారితే నొప్పి కన్నా బలహీనతనో బిగుతునో ముందు అనుమానిస్తాను. ఇది గట్టి నియమం కాదు, కానీ మొదటి వడపోతకు బాగా పనిచేస్తుంది.

మొండెం సంగతి చూద్దాం. కుడి కాలి మీద నిలబడ్డప్పుడు కటి ఎడమవైపు కిందికి జారితే కుడి తుంటి పక్క కండరాలు కటిని పట్టి ఉంచలేకపోతున్నాయని అర్థం. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ దీన్ని 1895లో వివరించాడు. అంతకుముందు ఆ జారుడు వేరే కారణం వల్ల అనుకునేవారు, కండరం వల్ల అని చెప్పింది ఆయన. అయితే రోజూ మనకు కనిపించేది ఎక్కువగా ఈ జారుడు కాదు, దాన్ని దాచుకునే ఉపాయం. కటి జారకుండా మొండెమే కుడివైపుకు ఒరుగుతుంది. బరువు తుంటి కీలు మీదికే వచ్చేస్తే ఆ కండరాలకు పని తగ్గుతుంది, కీలు మీద ఒత్తిడీ తగ్గుతుంది. కాబట్టి ఒరిగితే కారణం బలహీనత కావచ్చు, తుంటి నొప్పీ కావచ్చు. ఎటు ఒరిగితే తుంటి సమస్య అటువైపే అని మాత్రం గుర్తుంచుకోండి.

మడమ ఆనగానే మొండెం వెనక్కి విసిరినట్టు పడితే పిరుదు కండరం. ముందుకు వంగి, చేత్తో తొడ నొక్కుకుంటూ నడిస్తే తొడ ముందు కండరం. ఎందుకు ముందుకు వంగుతాడంటే, బరువు మోకాలికి ముందు పడితే ఆ మోకాలు దానంతటదే వెనక్కి తాళం పడుతుంది, కండరం అక్కర్లేదు. ఇలా ప్రతి వింత కదలికకూ వెనక ఒక లెక్క ఉంటుంది. శరీరం తెలివితక్కువగా ఏదీ చేయదు. మనం చూస్తున్నది లోపాన్ని కాదు, లోపాన్ని కప్పిపుచ్చిన పద్ధతిని. దీన్ని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కాలు గాల్లో ఉన్నప్పుడు పేషెంట్ చేసే ఉపాయాలు నాలుగు: మోకాలు బాగా పైకెత్తడం, కాలిని పక్కనుంచి అర్ధచంద్రాకారంలో తిప్పడం, కటిని పైకి లాగడం, రెండో కాలి మునివేళ్ల మీదికి లేవడం. నాలుగింటికీ అర్థం ఒకటే, ఆ కాలు నేలను తాకకుండా ముందుకు రావడం లేదు. ఎందుకు రావడం లేదు? పాదం వేలాడుతుండొచ్చు, మోకాలు మడవకపోవచ్చు, తుంటి ముందుకు రాకపోవచ్చు, నిజంగానే ఆ కాలు పొడవు ఎక్కువ కావచ్చు. ఇప్పుడు మంచం మీద పడుకోబెట్టడానికి మీ దగ్గర నాలుగు ప్రశ్నలున్నాయి. ఫారం నింపడానికీ దీనికీ తేడా ఇదే.

ఉదాహరణకు మోకాలు. నడకలో కాలు గాల్లో ఉన్నప్పుడు మోకాలు సుమారు 60 డిగ్రీలు మడవాలి. మీ చేత్తో మడిస్తే 45 దగ్గరే ఆగిపోతే కారణం కీలులోనే దొరికింది. కానీ మంచం మీద 130 దాకా హాయిగా మడిచే మోకాలు, నడుస్తుంటే మాత్రం 20 దాటదు అనుకోండి. కీలును నిందించి లాభం లేదు. బోర్లా పడుకోబెట్టి ఒకసారి నెమ్మదిగా మడవండి, ఇంకోసారి వేగంగా మడవండి. నెమ్మదిగా చేస్తే సాఫీగా వెళ్లి, వేగంగా చేస్తే మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు ఆగితే అది స్పాస్టిసిటీ, అంటే మెదడు లేదా వెన్నుపాము దెబ్బతినడం వల్ల వచ్చే కండరాల బిగుతు. వేగంతో పెరిగేదే దాని గుర్తు. ఎంత నెమ్మదిగా చేసినా అదే చోట ఆగేది కుదించుకుపోయిన కండరం లేదా కీలు. ఈ రెంటికీ వైద్యం పూర్తిగా వేరు.

కీలు పరీక్షలో నేను పట్టుబట్టేది వరస. ముందు పేషెంట్ తనంతట తాను కదపాలి, తర్వాత నేను కదపాలి, చివర నేను అడ్డుపెట్టగా అతను నెట్టాలి. తను కదపలేనిది నేను పూర్తిగా కదపగలిగితే కీలు బాగుంది, కండరమో స్నాయువో నరమో పనిచేయడం లేదు. ఇద్దరమూ ఒకేచోట ఆగిపోతే కీలు దగ్గరే అడ్డు. మోకాలు పూర్తిగా చాచడంలో ఇది మరీ ముఖ్యం. నేను చాపితే సున్నా వస్తోంది, తను చాపితే 15 డిగ్రీల దగ్గర ఆగుతోంది అంటే అది లాగ్, కండరానికి పని చెప్పాలి. నేను చాపినా 15 దగ్గరే ఆగితే అది కాంట్రాక్చర్. రెంటినీ ఒకే గడిలో "ఎక్స్‌టెన్షన్ తక్కువ" అని రాసే ఇంటర్న్‌లను రోజూ చూస్తున్నాను.

కీలు కోణం కొలిచే గోనియోమీటర్ విషయంలో మరీ బెంగపెట్టుకోకండి. 5 డిగ్రీల దాకా తేడా కొలిచే చేతిదే కావచ్చు. నిన్న 92, ఇవాళ 95 అని పేషెంట్‌తో సంబరపడకండి. అదే భంగిమ, అదే చెయ్యి, అదే గుర్తు ఉంటేనే పోలిక.

అంకె కన్నా ఎక్కువ చెప్పేది కదలిక చివర చేతికి తగిలే స్పర్శ, ఎండ్ ఫీల్. బ్రిటిష్ డాక్టర్ జేమ్స్ సిరియాక్స్ దీనికి ఒక వరుస పెట్టాడు, ఇప్పటికీ పనికొస్తుంది. ఎముకకు ఎముక తగిలినట్టు టక్కున ఆగడం, తోలును సాగదీసినట్టు ఆగడం, కండరం గభాలున బిగుసుకుని ఆపేయడం, లోపల రబ్బరు ముక్క అడ్డుపడ్డట్టు వెనక్కి తన్నడం. చివరిది మోకాల్లో తగిలితే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) ముక్క ఇరుక్కుందేమో చూడాలి, బలవంతంగా నొక్కకూడదు. ఇంకొకటుంది, నన్ను ఎక్కువ భయపెట్టేది: చేతికి ఏ అడ్డూ తగలదు, కానీ నొప్పితో పేషెంట్ ఆపెయ్యమంటాడు. అలాంటప్పుడు నేనూ ఆపేస్తాను, డాక్టర్‌కు చూపించకుండా ముందుకు వెళ్లను.

తుంటి దగ్గర మోసపోవడం తేలిక. వెల్లకిలా పడుకున్నప్పుడు కాలు మంచానికి ఆనే ఉంటుంది, తుంటి బాగానే ఉందనిపిస్తుంది. నడుం కింద చెయ్యి పెట్టి చూడండి, అక్కడ వంపు పెరిగి ఉంటుంది. రెండో మోకాలిని పొట్టకు హత్తుకోమంటే నడుం మంచానికి అతుక్కుంటుంది, అప్పుడు ఈ తొడ పైకి లేస్తుంది. అంటే ఈ తుంటి పూర్తిగా చాచుకోవడం లేదు, ఆ లోటును నడుం వంపు దాచింది. అదీ థామస్ పరీక్ష. నడకలో అడుగు చివర తుంటి పది డిగ్రీలకు పైగా వెనక్కి వెళ్లాలి. వెళ్లకపోతే అడుగు పొట్టిదవుతుంది, లేదా ఆ లోటు నడుం భరిస్తుంది. చాలా నడుం నొప్పులు ఇక్కడ మొదలవుతాయని నా నమ్మకం. చీలమండ కూడా అంతే, మోకాలు చాచి ఉండగా పాదం సుమారు 10 డిగ్రీలు పైకి రావాలి. రాకపోతే మడమ ముందుగానే లేచిపోతుంది, లేదా మోకాలు వెనక్కి వంగుతుంది. మోకాలు మడిచి ఒకసారి, చాచి ఒకసారి చూడండి. మడిచినప్పుడు వచ్చి, చాచినప్పుడు రాకపోతే పిక్క పైపొర కండరం బిగుతు. రెండు విధాలా రాకపోతే లోపలి పొరదో కీలుదో.

నరాల దగ్గర నా తప్పు ఒకటి చెబుతాను. కుడి పాదం వేలాడుతూ ఒకాయన వచ్చాడు. మోకాలు ఎత్తి ఎత్తి నడుస్తున్నాడు. చేతిలో ఎంఆర్ఐ రిపోర్టు, ఎల్4-ఎల్5 (నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసలు) దగ్గర డిస్క్ ఉబ్బింది అని. పాత నడుం నొప్పి కూడా ఉంది. ఇంకేం, ఎల్5 నరం అనేసుకున్నాను. పాదం ఎత్తే శక్తి 2, బొటనవేలు ఎత్తే శక్తి 1, పాదం పైన స్పర్శ తక్కువ, అన్నీ సరిపోయాయి. రెండు వారాలు నడుముకు చేశాను. మార్పు లేదు. పక్క టేబుల్ దగ్గర పనిచేసే ఆవిడ ఊరికే అడిగింది, "పాదం లోపలికి తిప్పగలడా?" అని. నేను చూడలేదు.

వేలాడే పాదాన్ని అలాగే వదిలేసి లోపలికి తిప్పమంటే బలం ఉన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకని నా చేత్తో పాదాన్ని తటస్థ స్థితికి ఎత్తి పట్టుకుని తిప్పమన్నాను. నా చెయ్యి తోసేశాడు. పక్కకి పడుకోబెట్టి కాలిని తుంటి దగ్గర్నుంచి పైకి ఎత్తమన్నాను, పూర్తి బలం. పాదాన్ని లోపలికి తిప్పే కండరానికీ, తుంటి పక్క కండరానికీ కూడా ఎల్5 నుంచే ముఖ్యంగా నరం వస్తుంది, కానీ వేరే దారిలో వస్తుంది. ఎల్5 మూలమే దెబ్బతింటే ఆ రెండూ కూడా తగ్గాలి. అవి బాగుండి పాదం మాత్రమే వేలాడుతోందంటే, పాదాన్ని ఎత్తే నరం మోకాలి కింద బయటివైపు, ఫిబ్యులా (పిక్క బయటివైపు సన్నటి ఎముక) మెడ దగ్గర నొక్కుకుపోయింది. అక్కడ వేలితో తట్టగానే పాదం పైదాకా జివ్వుమంది. అప్పుడు అడిగాను, ఏం పని చేస్తారని. గంటల తరబడి గొంతుక్కూర్చుని నేల మీద పలకలు పరిచే పని. రిపోర్టులో ఉన్న డిస్క్ ఎప్పటిదో. మొదటిరోజే ఆ రెండు కండరాలు చూసి ఉంటే, ఆ భంగిమ మానమని రెండు వారాల ముందే చెప్పి ఉండేవాణ్ని.

ఇక్కడ చీలమండ రిఫ్లెక్స్ మీద ఆధారపడొద్దు, అది ఎస్1 (నడుం కింద త్రికాస్థి దగ్గరి మొదటి) నరానిది, ఎల్5 దెబ్బతిన్నా, ఫిబ్యులా దగ్గర నరం నొక్కుకున్నా మామూలుగానే ఉండొచ్చు. మిగతా నరాలకు ఇంత కథ అక్కర్లేదు. తుంటి మడవడం ఎల్2, మోకాలు చాచడం ఎల్3, పాదం ఎత్తడం ఎల్4, బొటనవేలు ఎత్తడం ఎల్5, మునివేళ్ల మీద నిలబడటం ఎస్1. స్పర్శకైతే పిక్క లోపలివైపు ఎల్4, పాదం పైభాగం ఎల్5, చిటికెన వేలి అంచు ఎస్1. మోకాలి రిఫ్లెక్స్ ముఖ్యంగా ఎల్3, ఎల్4.

పిక్కను మాత్రం చేత్తో పరీక్షించకండి. అది మొత్తం శరీరాన్ని ఎత్తే కండరం, సగం బలం పోయినా మీ చేతిని ఓడిస్తుంది, మీరు 5 అని రాసేస్తారు. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తించండి, రెండో కాలితో ఎన్నిసార్లు వచ్చిందో పోల్చండి. ఎస్1 బలహీనతను ఇలాగే పట్టుకున్నవి లెక్కలేనన్ని.

కాలు నేరుగా ఎత్తే పరీక్ష, ఎస్ఎల్ఆర్, "పాజిటివ్" అని ఎందరో తప్పుగా రాస్తారు. తొడ వెనక లాగితే అది కండరం. నొప్పి మోకాలు దాటి కిందికి పోవాలి, సాధారణంగా 30 నుంచి 70 డిగ్రీల మధ్య రావాలి. నొప్పి వచ్చిన చోటు నుంచి కాలిని కొద్దిగా దించి, నొప్పి తగ్గాక, పాదం మాత్రం పైకి వంచండి. మళ్లీ అదే నొప్పి వస్తే నరం. తుంటి కదలకుండా పాదం కదిపితే తొడ వెనక కండరం సాగదు కదా, అందుకని.

తర్వాత పైమెదడు నుంచి వచ్చే దారి. కాలు బలహీనంగా ఉండి, రిఫ్లెక్సులు ఎగిరిపడుతుంటే, చీలమండను గబుక్కున వంచినప్పుడు పాదం కొట్టుకుంటుంటే, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తే, నడుములో డిస్క్‌తో సరిపెట్టకండి. వెన్నుపాము నడుం పైభాగం దగ్గరే ముగిసిపోతుంది, కింద ఉన్నవి నరాల మూలాలు మాత్రమే, అక్కడి డిస్క్ నొక్కితే రిఫ్లెక్స్ తగ్గాలి గానీ పెరగకూడదు. మెడ చూడండి, చేతి వేళ్ల నైపుణ్యం అడగండి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైందా అని. కాళ్ల బిగుతుతో వచ్చినవారికి సమస్య మెడలో దొరికిన సందర్భాలున్నాయి.

కిందికి చూస్తూ, కాళ్లు ఎడంగా పెట్టి నడిచేవారిని పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకుని నిలబడమనండి, పక్కనే చేతులు చాచి ఉండండి. కళ్లు తెరిచినప్పుడు నిలబడి మూసుకోగానే తూలితే పాదాల నుంచి సమాచారం సరిగా అందడం లేదు. అప్పుడు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి ఎముక మీద పెట్టి కంపనం తెలుస్తోందా, 10 గ్రాముల మోనోఫిలమెంట్ (సన్నటి నైలాన్ పోగు)తో అరికాలికి స్పర్శ తెలుస్తోందా చూడండి. కళ్లు తెరిచి ఉన్నా నిలబడలేకపోతే చిన్నమెదడు వైపు ఆలోచించాలి.

ఏ వరసలో ఉన్నా సరే, కొన్ని విన్నారంటే గోనియోమీటర్ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. మలమూత్ర స్థానం చుట్టూ మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ కలిసి బలహీనపడటం. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బడం. పడ్డాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం. సిగ్గుపడి చెప్పరు కాబట్టి మూత్రం సంగతి మీరే అడగాలి.

ఇంకో చిన్న ఉదాహరణ. మోకాలు నొప్పని ఒకావిడ వచ్చారు, అరచేతితో మోకాలు పైభాగమంతా రుద్ది చూపించారు. వేలితో చూపించే నొప్పి వేరు, అరచేతితో చూపించే నొప్పి వేరు. మోకాలు పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. నడకలో మొండెం అటువైపే ఒరుగుతోంది. తుంటిని లోపలికి తిప్పితే 5 డిగ్రీలు, అక్కడే ఆమె మోకాలు నొప్పి వచ్చింది. తుంటికీ మోకాలికీ ఒకే నరాల కొమ్మలు వెళ్తాయి కాబట్టి తుంటి నొప్పి మోకాలి దగ్గర పలుకుతుంది. ఒరుగుడు మొదట చూడటం వల్ల ఇది పది నిమిషాల్లో తేలింది.

సీనియర్ అడిగే ఇంప్రెషన్‌కు, అంటే ఏమైందో మీ అంచనాకు, నేను వాడే పద్ధతి, మూడు ముక్కల్ని ఒకే వాక్యంలో పెట్టడం: నడకలో ఏం కనిపించింది, దానికి ఏ కీలు లేదా కండరం లేదా నరం కారణం, ఏ పరీక్షతో మిగతా కారణాలు కొట్టేశాను. "కుడి కాలి మీద నిలబడ్డప్పుడు మొండెం కుడికి ఒరుగుతోంది, కుడి తుంటి లోపలికి తిరగడం 5 డిగ్రీలే, కదిపితే అదే నొప్పి, పక్క కండరం బలం 5 ఉంది, నడుం, నరాలు మామూలు." ఇది చెప్పగలిగితే ఫారంలో మిగతా గడులు ఖాళీగా ఉన్నా ఎవరూ ఏమీ అనరు.

చెప్పాక ఇంకో పని ఉంది, చాలామంది వదిలేస్తారు. మీ అనుమానం నిజమైతే అక్కడికక్కడే నడక మారాలి. తుంటి అనుకున్నారా, ఎదుటి చేతికి (బాగున్న కాలి వైపు చేతికి) కర్ర ఇచ్చి నడిపించండి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తుంటి కీలు మీద శరీర బరువుకు రెట్టింపు కన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది, ఎదుటి చేతి కర్ర కాస్త మోసినా దూరం ఎక్కువ కాబట్టి ఆ ఒత్తిడి బాగా దిగుతుంది, ఒరుగుడు తగ్గుతుంది. చీలమండ బిగుతు అనుకున్నారా, మడమ కింద సెంటీమీటరు ఎత్తు పెట్టి వెనక్కి వంగే మోకాలు సర్దుకుంటుందేమో చూడండి. పాదం వేలాడుతోందా, బ్యాండేజీతో పైకి కట్టి నడిపించండి, మోకాలు ఎత్తడం తగ్గాలి. తగ్గకపోతే మంచం దగ్గరికి మళ్లీ రండి, ఏదో వదిలేశారు.

చివర 10 మీటర్లకు ఎన్ని సెకన్లో, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు వెళ్లి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లో రాసి పెట్టుకోండి. మొదలుపెట్టిన రోజునే రాయాలి. నెల తర్వాత "బాగుందండీ" అని పేషెంట్ అన్నప్పుడు, నిజంగా ఎంత బాగుందో ఆ రెండు అంకెలే చెబుతాయి.